పులిరాజా భార్య మాటేమిటి?

2020 తర్వాత మనందరికీ గ్రాఫులు చూడటం అలవాటైంది. ఏ దేశంలో కరోనా గీత నిటారుగా లేచింది, ఏ దేశంలో వంగింది అని టీవీల ముందు కూర్చుని పోల్చుకున్నాం. అంటువ్యాధి ఎదుగుదలని దేశాల మధ్య పోల్చి చూడటం అప్పుడు పుట్టిన విద్య కాదు. అంతకు ముప్ఫయ్యేళ్ళ ముందునుంచే హెచ్.ఐ.వి. విషయంలో ఈ పని జరుగుతూ వచ్చింది. ఆ పోలికల్లో మన కోస్తా జిల్లాలు కూడా ఒక గీతే. ఆ గీత ఎందుకు లేచింది, ఎందుకు వంగింది, వంగిందని మనం సంతోషించినప్పుడు ఎవరిని మర్చిపోయాం అన్నవి స్త్రీలుగా మనం అడగవలసిన ప్రశ్నలు.

నేను సామాజిక శాస్త్ర పరిశోధకురాలిని. గణపవరం చుట్టుపక్కల, కొల్లేటి ఒడ్డు గ్రామాల్లో స్త్రీల పని, కూలి, ఆస్తి గురించి తెలుసుకునే ప్రయత్నంలో చాలామంది స్త్రీలతో మాట్లాడాను. హెచ్.ఐ.వి. గురించి అడగకపోయినా ఆ మాట ఎక్కడో ఒకచోట వచ్చేది. ఆ మాటల వెలుగులోనే ప్రపంచపు గీతలు చూడాలనిపించి ఇది రాస్తున్నాను.

పోలికకు ముందు రెండు జాగ్రత్తలు

మొదటిది, సంఖ్య వేరు, నిష్పత్తి వేరు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో హెచ్.ఐ.వి. వున్నవారు సుమారు 3 లక్షల 21 వేలు. ఈ సంఖ్యలో మిజోరాం మనకి దరిదాపుల్లో కూడా లేదు. కాని వయోజనుల్లో నూటికి ఎంతమంది అని చూస్తే మిజోరాంలో 2.70 శాతం, మనదగ్గర 0.67 శాతం, దేశం మొత్తం మీద 0.21 శాతం. ఏ కొలబద్ద చేతిలో వుంటే ఆ రాష్ట్రం ముందుంటుంది.

రెండవది, లెక్క ఎక్కడినుంచి వచ్చిందన్నది. హెచ్.ఐ.వి. లెక్కల్లో చాలా దేశాలు గర్భిణీ స్త్రీల రక్త పరీక్షల మీదే ఆధారపడ్డాయి. మన దేశంలోనూ అంతే. ప్రభుత్వాసుపత్రికి వచ్చిన గర్భిణిని చూసి ఊరంతటినీ ఊహించారు. 2007లో దేశంలో హెచ్.ఐ.వి. వున్నవారి అంచనా 50 లక్షల పైనుంచి ఒక్కసారిగా 25 లక్షలకు దిగింది. సగం మంది నయమైపోయి కాదు, ఇంటింటి సర్వేల రక్త పరీక్షలు కూడా లెక్కలోకి రావటంతో దిగింది. అంటే అప్పటిదాకా దేశం మొత్తం రోగాన్ని బీద స్త్రీ కడుపు మీద కొలిచారు. గర్భం లేనప్పుడు ఆమె ఎవరికీ కనిపించలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

మూడు గీతలు

1990లో దక్షిణాఫ్రికాలో గర్భిణీ స్త్రీలను పరీక్షిస్తే హెచ్.ఐ.వి. వున్నవారు నూటికి ఒకరి లోపే. థాయ్‌లాండ్‌లోనూ ఇంచుమించు అదే పరిస్థితి. రెండు దేశాలూ ఒకే మెట్టు మీద నిలబడి వున్నాయి. అయిదేళ్ళు తిరిగేసరికి దక్షిణాఫ్రికాలో అది పది శాతం దాటింది. 2005 నాటికి 30 శాతానికి చేరింది. థాయ్‌లాండ్‌లో 1995 ప్రాంతాల్లో రెండు శాతం కాస్త దాటి, అక్కడినుంచి వెనక్కి మళ్ళింది.

మూడో గీత మనది. భారతదేశంలో హెచ్.ఐ.వి. 1986లో మద్రాసులో మొదటిసారి బయటపడింది, డాక్టర్ సునీతి సోలొమన్ బృందం చేసిన పరీక్షల్లో. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో అది ఒక శాతం పైనే వుండేది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 0.28 శాతం వుంటే మన రాష్ట్రంలో 0.97 శాతం. ఆఫ్రికా బాట పడుతున్నామని భయపడిన కాలం అది. ఆ బాట పట్టలేదు. గీత నెమ్మదిగా కిందికి దిగింది.

ఒకే మెట్టు దగ్గర మొదలై మూడు గీతలు మూడు దారులు ఎందుకు పట్టాయి? వైరస్‌లో తేడా అందామా? దక్షిణాఫ్రికాలోనూ మన దేశంలోనూ ఎక్కువగా వున్నది ఒకే రకం, సి ఉపరకం. మగవాళ్ళలో సున్తీ ఆచారం, ఇతర సుఖవ్యాధులు, వ్యాధి సోకిన తొలి వారాల్లో రక్తంలో వైరస్ ఎక్కువగా వుండటం వంటి వైద్య కారణాలకు పాత్ర వుంది, కాదనను. కాని అంటువ్యాధి ఎదిగే సూత్రం చాలా సులువు. సోకిన ఒక్కొక్కరి నుంచి సగటున ఒకరికంటే ఎక్కువ మందికి చేరితే గీత లేస్తుంది, తక్కువ మందికి చేరితే వంగుతుంది. ఆ ‘ఎంతమందికి’ అన్నదాన్ని నిర్ణయించేది మనుషులు ఎక్కడ బతుకుతారు, ఎవరితో బతుకుతారు, ఎవరికి వద్దనే హక్కు వుంది అన్నవి.

దక్షిణాఫ్రికా బంగారు గనులు, వజ్రాల గనులు దాదాపు వందేళ్ళపాటు మగవాళ్ళను పల్లెలనుంచి, లెసోతో, మొజాంబిక్ లాంటి పొరుగు దేశాలనుంచి రప్పించుకుని మగవాళ్ళు మాత్రమే వుండే హాస్టళ్ళలో కుక్కాయి. పెళ్ళాం బిడ్డల్ని తెచ్చుకోవటానికి జాతివివక్ష చట్టాలు ఒప్పుకోలేదు. ఏడాదికొకసారి ఇంటికి పోయే మొగుడు, ఊళ్ళో ఆదాయం లేక మిగిలిన భార్య. వ్యాధి రాకముందే దానికి రోడ్డు వేసి పెట్టారు. జాతివివక్ష పోయాక వచ్చిన ప్రభుత్వంలో ప్రెసిడెంటు థాబో ఎంబెకి అసలు ఎయిడ్స్‌కు కారణం హెచ్.ఐ.వి.యేనా అని సందేహించాడు. తల్లినుంచి బిడ్డకు సోకకుండా ఇచ్చే నెవిరపిన్ మందు కోసం ట్రీట్‌మెంట్ యాక్షన్ కాంపెయిన్ అనే ఉద్యమ సంస్థ కోర్టుకెక్కింది. 2002లో రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశిస్తేగాని ప్రభుత్వం దిగిరాలేదు.

థాయ్‌లాండ్‌లో 1988లో మొదట సూదులతో మత్తుమందు తీసుకునేవారిలో, ఆ వెంటనే సెక్స్ వర్కర్లలో వ్యాధి పెచ్చరిల్లింది. 1989లో చియాంగ్‌మాయ్‌లో పరీక్షించిన సెక్స్ వర్కర్లలో నూటికి 44 మందికి వున్నట్టు తేలింది. వారినుంచి విటులకు, విటులనుంచి ఇళ్ళలో భార్యలకు, భార్యలనుంచి పసిపిల్లలకు. అలల్లా ఒకదాని వెనక ఒకటి. 1991లో ప్రభుత్వం కండోమ్ లేనిదే వ్యాపారం జరగకూడదని దేశమంతటా నిబంధన పెట్టింది. 1989లో 14 శాతం వున్న కండోమ్ వాడకం అయిదేళ్ళలో 90 శాతం దాటింది. ఫలితం గొప్పదే. కాని గమనించండి, నిఘా అంతా వ్యభిచార గృహంలోని స్త్రీ మీద. పరీక్ష ఆమెకు. వచ్చిన మగవాడికి పేరు లేదు, ఊరు లేదు, పరీక్ష లేదు. తర్వాతి సంవత్సరాల్లో అక్కడ కొత్తగా సోకినవారిలో గణనీయమైన భాగం మొగుళ్ళవల్ల సోకిన భార్యలే. ఆ నిబంధన ఇంటి గడప దాటి లోపలికి పోలేదు.

మన గీత ఎందుకు లేచింది?

కొల్లేరు ప్రాంతంలో 1980లనుంచి వరి పొలాలు చేపల చెరువులయ్యాయి. చేపలు ఐసులో సర్దుకుని లారీలెక్కి కలకత్తాకు, హౌరా మార్కెట్‌కు, అక్కడినుంచి ఈశాన్య రాష్ట్రాలకు పోయాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే జాతీయ రహదారి మీద డ్రైవర్లు, క్లీనర్లు వారాల తరబడి బతికారు. డబ్బు తిరిగింది. దాంతోపాటే ఇంకో మార్పు కూడా వచ్చింది. దాని గురించి ఎవరూ అంతగా మాట్లాడలేదు. వరి చేను అంటే ఊడ్పులు, కలుపులు, కోతలు. అన్నీ ఆడవాళ్ళ పనులు. చెరువు అంటే తవ్వటం, మేత వెయ్యటం, పట్టుబడి, కాపలా. దాదాపు అన్నీ మగవాళ్ళ పనులు. పొలం చెరువైన ప్రతిచోటా స్త్రీకి తన చేతికి వచ్చే కూలి డబ్బు పోయింది. కొందరు గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి పోయారు. కొందరు ఒళ్ళమ్ముకునే పనిలోకి నెట్టబడ్డారు. ఎక్కువమంది మొగుడి సంపాదన మీద ఇంకా ఎక్కువ ఆధారపడ్డారు. దక్షిణాఫ్రికా గనికీ కొల్లేటి చెరువుకీ పోలిక ఇక్కడ వుంది. రెండు చోట్లా వ్యాధికి దారి చూపింది నీతి తప్పిన మనుషులు కాదు, కుటుంబాన్ని విడదీసి డబ్బు చేసుకున్న వ్యాపారం.

గీత ఎక్కడ ఆగింది?

గీత వంగటానికి కారణాలు చెప్పుకునేటప్పుడు మనవాళ్ళు తరచు అనే మాట ఒకటుంది. ‘మన సంస్కృతి, మన కుటుంబ వ్యవస్థ మనల్ని కాపాడాయి’. సభల్లో విన్నాను, చదువుకున్నవాళ్ళ నోట విన్నాను. ఈ మాటని ఒకసారి విప్పి చూద్దాం.

గీతను నిజంగా వంచింది ఎవరు? ఎవరిని ‘రోగాల పుట్ట’లని తిట్టారో ఆ స్త్రీలే. కలకత్తా సోనాగాచిలో 1992లో మొదలైన ఆరోగ్య కార్యక్రమం, 1995లో అక్కడి సెక్స్ వర్కర్లు తామే పెట్టుకున్న దర్బార్ మహిళా సమన్వయ కమిటీ, కండోమ్ అడిగే బలం ఒంటరి స్త్రీకి కాదు సంఘానికి వుంటుందని చూపించాయి. మన కోస్తా పట్టణాల్లోనూ 2003 తర్వాత అలాంటి సంఘాలు కట్టారు. పోలీసు దెబ్బల్ని ఎదుర్కొన్నారు. 2004 ఏప్రిల్ 1నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న ఏ.ఆర్.టి. మందులు రక్తంలో వైరస్‌ని అణచి, ప్రాణాలు నిలపటంతో పాటు ఇతరులకు సోకటాన్ని కూడా ఆపాయి. సంస్కృతి చేసిన పని ఇందులో ఎక్కడుంది?

ఒక చోట వుంది. అది చెప్పుకోవటానికి గర్వపడవలసిన చోటు కాదు. దక్షిణాఫ్రికాలో వ్యాధి స్త్రీలకూ పురుషులకూ మధ్య అటూ ఇటూ నడిచింది. మన దగ్గర చాలావరకు ఒకే దిక్కుగా నడిచింది. బయటినుంచి మొగుడికి, మొగుడినుంచి భార్యకు. అక్కడ ఆగింది. భార్యకు మరో మనిషితో సంబంధం లేదు కాబట్టి, ఆమె నుంచి కడుపులో బిడ్డకు తప్ప మరెవరికీ చేరలేదు. అంటురోగ శాస్త్రం భాషలో గొలుసు తెగింది. గీత వంగింది. మన భాషలో అయితే, వ్యాధి ఆమె ఒంట్లో ఆగిపోయింది, ఆమె దాంతో పాటు చచ్చిపోయింది. ‘కుటుంబ వ్యవస్థ కాపాడింది’ అంటే అర్థం ఇదే. కుటుంబం బయటివాళ్ళను ఆమె నుంచి కాపాడింది. ఆమెను ఎవరినుంచీ కాపాడలేదు.

అందుకే గీతలు గీసేవారికి భార్య ముఖ్యం కాలేదు. గీతను ముందుకు తోసేవారు ఎవరని చూస్తే సెక్స్ వర్కర్లు, లారీ డ్రైవర్లు, మగవారితో సంబంధాలున్న మగవారు, సూదులు వాడేవారు. కార్యక్రమాలన్నీ వారి చుట్టూ తిరిగాయి. వ్యాధిని అదుపు చెయ్యటానికి అది సరైన లెక్కే. కాని హక్కులు గీతను బట్టి రావు. ఎవరికీ అంటించని మనిషికి కూడా తనకు అంటకుండా వుండే హక్కు వుంది. పథకాల భాషలో ఆమె ‘సాధారణ ప్రజానీకం’. ప్రమాదం లేనిదన్నమాట. మొగుడితో తప్ప ఎవరితోనూ పడుకోని స్త్రీకి మొగుడే ప్రమాదమని ఏ ఫారంలోనూ గడి లేదు.

2000 తర్వాతి తొలి ఏళ్ళలో రాష్ట్రమంతా గోడల మీద, హోర్డింగుల మీద ఒకే ప్రశ్న కనిపించేది. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? చిన్నపిల్లలు కూడా ఆ మాట అని నవ్వేవారు. ఆ ప్రచారం ఎయిడ్స్ అనే మాటని ఇంటింటికీ తీసుకుపోయింది, ఆ మేలు మర్చిపోకూడదు. కాని రాష్ట్రమంతా పులిరాజా గురించి బెంగపెట్టుకుంది. పులిరాజాకు పెళ్ళయిందా, ఇంట్లో ఆవిడ వుందా, ఆవిడ సంగతేమిటి అని ఒక్క హోర్డింగు అడగలేదు.

ముందు తెలిసినవాళ్ళే దోషులు

గర్భిణీ స్త్రీల రక్తం మీద లెక్క కట్టారని ముందే చెప్పాను. ఆ పద్ధతికి లెక్కల్లో వచ్చిన లోపాన్ని 2007లో సరిచేశారు. ఇళ్ళలో వచ్చిన లోపాన్ని ఎవరూ సరిచెయ్యలేదు. గణపవరం దగ్గర ఒక ఊళ్ళో, చేపల లారీ మీద పనిచేసిన ఒకతని భార్య ఈ సంగతి నాకు మూడు ముక్కల్లో చెప్పింది. ‘ముందు నా రక్తం తీశారండి. ముందు నాకే తేలిందండి. అందుకని నేనే తెచ్చానన్నారండి.’

పెళ్ళయిన స్త్రీ గర్భవతి కాగానే పరీక్షకు పోతుంది. మొగుడు పోడు, ఒళ్ళు లేవలేని స్థితి వచ్చేదాకా పోడు. కాబట్టి కాగితం మీద ముందు పడేది ఆమె పేరు. తేదీ ముందుంటే తప్పు కూడా ముందుదే అనుకోవటం మనుషుల స్వభావం. ఆ కాగితం అత్తవారింట్లో సాక్ష్యమవుతుంది. జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి 2006లో ఆరు రాష్ట్రాల్లో చేసిన అధ్యయనంలో, హెచ్.ఐ.వి. వున్న వితంతువుల్లో నూటికి తొంభై మంది దాకా మొగుడు పోయాక అత్తింట్లో లేరు. నూటికి దాదాపు ఎనభై మందికి ఆస్తిలో వాటా ఇవ్వలేదు. హిందూ వారసత్వ చట్టం 1956లోనే వితంతువును మొదటి తరగతి వారసురాలిని చేసింది. ఆడపిల్లకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన సవరణ మన రాష్ట్రంలో 1986లోనే, దేశం కంటే ముందే వచ్చింది. ఆ చట్టాలన్నీ ఒక్క రక్తపరీక్ష కాగితం ముందు ఓడిపోయాయి.

ఎవరిని లెక్కపెట్టాలో నిర్ణయించే అధికారం ఎంత పెద్దదో అమెరికా స్త్రీలు మనకంటే ముందే కనిపెట్టారు. అక్కడ ఎయిడ్స్ నిర్వచనం మొదట మగవారి రోగ లక్షణాల మీద తయారైంది. స్త్రీలకు వచ్చే లక్షణాలు అందులో లేవు. అందువల్ల జబ్బుపడ్డ స్త్రీలకు ఎయిడ్స్ వున్నట్టు కాగితాల్లో ఎక్కేది కాదు, సాయమూ అందేది కాదు. వాళ్ళు పోరాడాక 1993లో గర్భాశయ ముఖద్వార కాన్సర్‌ని ఆ నిర్వచనంలో చేర్చారు. ఉగాండాలో 1987లో నోరీన్ కలీబా, మొగుణ్ణి పోగొట్టుకున్న స్త్రీ, తోటివారితో కలిసి టాసో అనే సంస్థను పెట్టి, వ్యాధి వున్నవారే ఒకరికొకరు తోడుండే పద్ధతిని నిలబెట్టింది. మద్రాసులో 1998లో కౌసల్య వంటి స్త్రీలు హెచ్.ఐ.వి. వున్న స్త్రీలకంటూ పాజిటివ్ విమెన్ నెట్‌వర్క్ పెట్టుకున్నారు. ఖండాలు వేరైనా, స్త్రీలు తమను తాము లెక్కలోకి ఎక్కించుకోవలసి వచ్చింది.

ఏం అడగాలి?

మన దగ్గర చట్టం లేదని కాదు. 2017 హెచ్.ఐ.వి. చట్టం 2018 సెప్టెంబరు 10నుంచి అమల్లో వుంది. సమ్మతి లేకుండా పరీక్ష చెయ్యకూడదు, పరీక్ష ఫలితం బయటపెట్టకూడదు, కలిసి వుంటున్న ఇంట్లోంచి హెచ్.ఐ.వి. వున్న మనిషిని వెళ్ళగొట్టకూడదు అని అందులో వుంది. చెబితే హింస జరుగుతుందని భయమున్న స్త్రీకి మినహాయింపు కూడా వుంది. ఈ చట్టం సంగతి గ్రామ సచివాలయంలోనూ, ఆశా కార్యకర్తకూ, ఠాణాలోనూ తెలియాలి. ఇంట్లోంచి గెంటేసిన రోజున ఎవరి దగ్గరకు పోవాలో ఆమెకు తెలియాలి.

గర్భిణికి పరీక్ష చేసేటప్పుడే, ఆమె ఒప్పుకుంటే, మొగుడినీ పిలిచి ఇద్దరికీ కలిపి సలహా ఇచ్చి పరీక్ష చెయ్యాలి. ఇద్దరి ఫలితం ఒకే రోజు తేలితే, ఎవరు ముందన్న తీర్పు ఇంట్లో నడవదు. గర్భం దాటిన స్త్రీలు, వితంతువులు, వయసు మళ్ళినవాళ్ళు కూడా లెక్కలో కనిపించాలి. చెరువులు, లారీల మీద వచ్చిన డబ్బులో స్త్రీల కూలి పని పోయిన సంగతిని ఆరోగ్య సమస్యగా చూడాలి.

అన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది. పద్దెనిమిది నిండిన భార్య విషయంలో మన చట్టం ఈనాటికీ పెళ్ళిలో జరిగే బలాత్కారాన్ని బలాత్కారమనదు. పాత శిక్షాస్మృతిలోని మినహాయింపు 2024 జులైనుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోకి కూడా నడిచివచ్చింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిన పిల్ల, చేతిలో కూలి డబ్బు లేని పిల్ల, పద్దెనిమిది నిండగానే వద్దనే హక్కు చట్టంలోనే లేకుండా పోయే పిల్ల, మొగుణ్ణి కండోమ్ వాడమని ఎలా అడుగుతుంది? సోనాగాచి స్త్రీకి సంఘం వుంది. ఈ పిల్లకు ఏ సంఘం వుంది?

రేపు మరో వ్యాధి వస్తుంది, మళ్ళీ గీతలు గీస్తారు. గీత పైకి లేస్తే భయపడతాం, వంగితే ఊపిరి పీల్చుకుంటాం. వంగిన గీతను చూసి సంబరపడే ముందు అది ఎవరి దగ్గర ఆగిందో అడగటం మన పని. ఆ ప్రశ్న మనం వెయ్యకపోతే లెక్కలు కట్టేవారు వెయ్యరు.